ఎలివేషన్ తర్వాత, ఉప్పు గాలి ముందు: నెల్లూరు తీరంలో ఇల్లు ప్లాన్ చేసేవాళ్లకి

 

ఈ ఎపిసోడ్ సొంతిల్లు కట్టుకోబోయేవాళ్ల కోసం. ముఖ్యంగా మైపాడు, కొత్తకోడూరు, ఇసకపల్లి, తూపిలిపాళెం... ఇట్లా సముద్రానికి దగ్గర్లో స్థలం ఉన్నవాళ్ల కోసం. ఇల్లు కట్టించేది మీ నాన్నే కావచ్చు. కానీ ఫోన్లో డిజైన్లు వెతికి చూపించేది మీరే కదా. అందుకే మీతోనే మాట్లాడుతున్నా.

మనం ఏం చేస్తాం? ఒక ఫోటో సేవ్ చేసుకుంటాం. ముందంతా గ్లాసు, చదునైన గోడలు, ఎక్కడా సన్‌షేడ్ లేదు. "అన్నా, అచ్చం ఇట్లాంటిదే కావాలి" అని ఇంజినీరుకి చూపిస్తాం. ఆ ఇల్లు బెంగుళూరులో ఉంటుంది. అక్కడ ఉప్పు గాలి ఉండదు, తుఫాను గాలి తగలదు. మన రోహిణి కార్తె ఎండ అసలే ఉండదు.

మా పెద్దమ్మ వాళ్ల ఇల్లు సముద్రానికి మూడు కిలోమీటర్ల లోపే. కట్టి పన్నెండేళ్లయింది, ముందు నుంచి చూస్తే సూపర్. ఒకరోజు మధ్యాహ్నం పడగ్గదిలో శ్లాబు పెచ్చు ఊడి మంచం మీద పడింది. పెద్దమ్మ అప్పుడే లేచి వంటింట్లోకి పోయింది కాబట్టి సరిపోయింది. పైకి చూస్తే కమ్మీలు తుప్పు పట్టి ఉబ్బిపోయి ఉన్నాయి. కాంక్రీటు కలిపింది ఉప్పు బోరు నీళ్లతో. కమ్మీ కింద కవర్ అర అంగుళం కూడా లేదు. ఎలివేషన్‌కి పెట్టిన డబ్బులో కొంచెం ఇక్కడ పెట్టి ఉంటే ఆ పెచ్చు పడేది కాదు.

ఎందుకిట్లా అవుతుందంటే, ఉప్పులో ఉండే క్లోరైడ్ కాంక్రీటు లోపలికి మెల్లగా దిగి కమ్మీని చేరుతుంది. కమ్మీకి తుప్పు పడితే ఆ తుప్పుకి ఇనుము కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ చోటు కావాలి. అది లోపల్నుంచి తోస్తే కాంక్రీటు పగులుతుంది. అందుకే ఐఎస్ 456 కోడ్ తీరప్రాంతాన్ని 'తీవ్రమైన' వాతావరణం కింద లెక్కేస్తుంది. కాంక్రీటు కనీసం ఎం30 ఉండాలి, కమ్మీ మీద కవర్ 45 మిల్లీమీటర్లు ఉండాలి. కలిపే నీళ్లలో క్లోరైడ్ లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. రొయ్యల చెరువుల పక్కన బోరు వేసుంటే నీళ్లు టెస్ట్ చేయించకుండా వాడొద్దు. శ్లాబు వేసే ముందు రోజు మీరే పోయి కమ్మీల కింద కవర్ బ్లాకులు పెట్టారా లేదా చూడండి. ఫోటో తీసి పెట్టుకోండి. పీపీసీ సిమెంటు వాడితే కనీసం 10 రోజులు తడపాలి, 14 రోజులైతే ఇంకా మంచిది. ఆ తడపడానికి కూడా ఉప్పు నీళ్లు వద్దు.

ఇప్పుడు డిజైన్ సంగతి. కాగితం తీసుకునే ముందు స్థలానికి మూడుసార్లు పోండి. పొద్దున్నే ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఎండాకాలంలో పడమటి నుంచి వడగాలి కొడుతుంది, సాయంత్రానికి తూర్పు, ఆగ్నేయం వైపు నుంచి సముద్రపు గాలి తిరుగుతుంది. మనకి ఏసీ లేకుండా నిద్రపట్టించేది ఆ గాలే. కాబట్టి పెద్ద కిటికీలు అటు పెట్టండి. వచ్చిన గాలి బయటికి పోవడానికి ఎదురుగా ఇంకో కిటికీ ఉండాలి, లేకపోతే గాలి లోపలికే రాదు. పడమర వైపు మెట్లు, బాత్రూములు, స్టోర్ రూము పెడితే సాయంత్రపు ఎండ వాటికే తగుల్తుంది, పడగ్గదికి కాదు.

ఇక్కడ వాస్తు ప్రశ్న వస్తుంది. వంటిల్లు ఆగ్నేయంలో ఉండాలంటారు ఇంట్లో పెద్దాళ్లు. గాలి కూడా అటు నుంచే వస్తే పోపు ఘాటంతా హాల్లోకే కదా? గొడవ పడొద్దు. వంటిల్లు ఆగ్నేయంలోనే పెట్టండి, దానికి తలుపు పెట్టండి, పొయ్యి మీద చిమ్నీ పెట్టండి, హాలుకి గాలి వేరే కిటికీ నుంచి వచ్చేట్టు చూడండి. నాయనమ్మ మాట నిలబడుతుంది, మీ నిద్రా నిలబడుతుంది.

మన పెద్దవానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అంటే తూర్పు, ఉత్తరం కిటికీలకి జల్లు కొడుతుంది. సన్‌షేడ్ లేని ఎలివేషన్ ఫోటోలో బాగుంటుంది, నవంబరులో బాగుండదు. పాత పెంకుటిళ్లకి ఊరికే పెట్టలేదు ఆ వసారాలు.

తుఫాను లెక్క కూడా చూసుకోవాలి. ఐఎస్ 875 కోడ్‌లో నెల్లూరుకి ఇచ్చిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. గాలి తగిలే వైపు కిటికీ పగిలిందంటే గాలి లోపలికి దూరి పైకప్పుని పైకి తోస్తుంది. మిద్దె మీద రేకుల షెడ్డు, ముందు అంటించే షీట్లు, పెద్ద గ్లాసు... ఇవన్నీ బిగించే పద్ధతి ఇంజినీరు లెక్కేసి చెప్పాలి, షాపతను కాదు. ఉత్తరాంధ్ర చుట్టిళ్లు చూశారా? గుండ్రటి గోడ, నాలుగు వైపులా వాలుగా దిగే కప్పు. గాలి గట్టిగా పట్టుకోవడానికి వాటికి మూల ఉండదు. బయట రెయిలింగుకి స్టీలు కావాలంటే 304 కాదు, 316 గ్రేడ్ అడగండి.

నీళ్లు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టే కొట్టుకుపోయింది. మీ స్థలం పక్కన ఉండే పెద్దాయన్ని అడగండి, "తాతా, అప్పుడు నీళ్లు ఎంత దాకా వచ్చాయి?" అని. ఆయన చూపించిన గీత కంటే కనీసం అడుగున్నర పైన బేస్‌మట్టం పెట్టండి.

ఇంకోటి, స్థలం కొనకముందే. 2011 సీఆర్‌జడ్ నోటిఫికేషన్ ప్రకారం పల్లెల్లో పోటు గీత నుంచి 200 మీటర్ల లోపు మామూలుగా కొత్త ఇళ్లకి అనుమతి ఉండదు. 2019 నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువున్న చోట్ల దాన్ని 50 మీటర్లకి తగ్గించింది. మీ సర్వే నంబరు ఏ కిందికి వస్తుందో పంచాయతీలోనో, నుడా ఆఫీసులోనో కాగితం మీద తెలుసుకోండి. బ్రోకర్ మాట మీద అడ్వాన్స్ ఇవ్వొద్దు.

ఇవన్నీ అయ్యాక అప్పుడు ఆ ఫోటో బయటికి తీయండి. రంగు, గేటు, లైట్లు, ముందు డిజైన్... అన్నీ మీ ఇష్టం. రంగు నచ్చకపోతే ఐదేళ్లకి మార్చుకోవచ్చు. శ్లాబు లోపలి కమ్మీని మాత్రం మార్చలేం.

మీ ఇంట్లో కట్టే పని నడుస్తుంటే ఈ ఎపిసోడ్ నాన్నకి, మేస్త్రీకి ఇద్దరికీ పంపండి. మళ్లీ కలుద్దాం. ఉంటా.