రోలు నేర్పిన పాఠం



థాయ్‌లాండ్ యాత్రలో చియాంగ్‌మయిలో ఒకపూట వంట క్లాసుకు వెళ్ళాను. గ్రీన్ కర్రీ నేర్పారు. ముందు బజారు చూపించి, తరువాత రాతి రోలు ముందు నిలబెట్టారు. పచ్చిమిర్చి, నిమ్మగడ్డి, వెల్లుల్లి, మనం పారేసే కొత్తిమీర వేళ్ళు, మన పచారీ కొట్లో మందుగా అమ్మే దుంపరాష్ట్రం అన్నీ నేనే నూరాను. శాకాహారినని చెబితే రొయ్యల ముద్ద మానేసి, చేపసాసు బదులు సోయాసాసు ఇచ్చారు. చిక్కటి కొబ్బరిపాలు నూనె తేలేదాకా కాచి, నూరిన ముద్ద అందులో వేయించాలి.

కీళ్ళవాతంతో మా ఆవిడ గరిటె పట్టలేకపోతోంది. అక్కడ వచ్చిన ధైర్యంతో ఇప్పుడు రెండు పూటలా వంట నాదే. ఆమె కుర్చీలో కూర్చుని ఉప్పు చెబుతుంది.

సోదరులారా, మనకు రిటైర్మెంటు ఇచ్చారు. వంటింట్లో వారికి మనమే ఇవ్వాలి. సెలవు.