దుబాయిలో క్రేన్ ఆగితే

బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి అని మన తెలంగాణ బతుకును మూడు మాటల్లో చెప్పేవారు. బుగ్గారం, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఇప్పటికీ ఎక్కువగా వినబడేది దుబాయే.

2008 జూలైలో పీపా 147 డాలర్లు పలికిన ముడిచమురు, డిసెంబరుకల్లా 40 డాలర్ల కిందికి జారింది. దుబాయిలో కట్టడాలు ఆగాయి. మేస్త్రీ పనికి వెళ్లినాయన ఖాళీ చేతులతో దిగితే, ఇంటర్ పాసైన కొడుకు చదువు ఏంగావాలి?

విచిత్రమేమంటే, అమెరికాలో మాంద్యం వస్తే పై చదువులకు దరఖాస్తులు పెరుగుతాయి. ఉద్యోగం లేనప్పుడు చదువుకుందామనుకుంటారు. మన దగ్గర ఫీజు కట్టేదే వలస డబ్బు కనుక లెక్క తిరగబడుతుంది. నిజమే, అదే 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. కానీ హాస్టలు, బస్సు, పుస్తకాలు ఇంటి ఖర్చే. పైగా సర్కారు ఖజానా బిగుసుకుంటే బకాయిలు పేరుకుంటాయి, లెక్చరర్ల జీతాలు ఆగుతాయి, పిల్లల సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలోనే ఉంటాయి.

ఇక దానధర్మం. గుడి కమిటీ రసీదు బుక్కు తిరగేస్తే తెలుస్తుంది: గల్ఫ్ బాగున్న ఏడాది వేలల్లో రాసిన పేర్లే, తర్వాతి ఏడాది వందల్లోకి దిగుతాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సేవకు ఖర్చు పెట్టాలి. మూడేళ్ల సగటు కాబట్టి, మాంద్యం దెబ్బ స్వచ్ఛంద సంస్థకు కాస్త ఆలస్యంగా తగులుతుంది. బజారు కోలుకున్నాక కూడా కొన్నాళ్లు వదలదు.