బ్రహ్మదండి – దాని హద్దులు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



దస్తావేజునందు సర్వే నంబరు తప్పుపడినను, నాలుగు హద్దులు సరిగా నున్నచో ఆ భూమి యేదో తేలిపోవును. మొక్కల విషయమునను అంతియే. పేరు ఊరూర మారును, గుర్తులు మారవు. పుంతల ప్రక్కలను, బీళ్ళలోను, చెరువుగట్లమీదను పసుపుపచ్చని పూలతో నిలిచియుండు బ్రహ్మదండి యిందుకు తార్కాణము. దీనినే కొన్నియెడల బలురక్కసి యందురు. చేమంతి కుటుంబమునకు చెందిన వేరొక ముండ్లమొక్కకును బ్రహ్మదండి యను పేరు చెల్లుచున్నది. కావున పేరు నమ్ముకొని మందునకు వేరు త్రవ్వుట క్షేమము కాదు.

ఈ మొక్క మన దేశపుది కాదు. దీని పుట్టినిల్లు మెక్సికో మొదలగు అమెరికా ఖండపు ప్రాంతములు. గసగసాల మొక్క దీనికి జ్ఞాతి. 1753లో లిన్నేయస్ పండితుడు దీనికి ఆర్జెమోన్ మెక్సికానా యని పేరిడెను. 1492లో కొలంబసు ఆ ఖండమునకు త్రోవ కనుగొనిన పిమ్మటనే అచ్చటి మొక్కలు మనవైపు రాసాగినవి.

సుశ్రుత సంహితయందు స్వర్ణక్షీరి యను ఓషధి పేర్కొనబడినది. పాలు పచ్చగా నుండుటచే బ్రహ్మదండియే ఆ స్వర్ణక్షీరి యని పలువురు తలచిరి. కాని సుశ్రుతుని కాలమున ఈ మొక్క యీ గడ్డపై లేదు. ప్రాచీన గ్రంథము చెప్పిన గుణములను పిదప వచ్చిన మొక్కకు అంటగట్టుట గ్రంథమునకు అపచారము; రోగికి అపాయము.

ఇక హద్దులు. మొదటిది ఆకు. దానికి తొడిమ లేదు. మొదలు కాడను పొదవికొని యుండును. అంచులు చీలి, కొనకొనకు ముల్లుండును. బూడిదవన్నె ఆకుపచ్చపై ఈనెలు తెల్లగా తేలును. రెండవది పాలు. కాడను త్రుంచినంతనే పసుపుపచ్చని పాలు కారును. మూడవది పువ్వు. పలుచని పసుపు రేకులు సామాన్యముగా ఆరు. నడుమ ఎఱ్ఱని కీలాగ్రము. నాల్గవది కాయ. ఒడలెల్ల ముండ్లు, ఎండినపుడు కొనవద్ద విచ్చి నల్లని గింజలను రాల్చును. ఈ నాలుగును కుదిరినచో అది బ్రహ్మదండియే.

ఆవమొక్క పువ్వును పసుపే. కాని దానికి రేకులు నాలుగే; కాయ సన్నగా పొడవుగా నుండును; ముండ్లు లేవు, పచ్చపాలు లేవు. చేనిలో నున్నంతవరకు ఈ రెంటిని పోల్చుకొనుట సులభము. గింజ రాలిన పిమ్మటనే కన్ను మోసపోవును. రెండు గింజలును చిన్నవి, గుండ్రనివి, నల్లనివి. అయినను ఆవగింజ నునుపు; బ్రహ్మదండి గింజ గరుకు, భూతద్దమున చూచినచో వలవంటి గీతలు కనబడును. నలిపినచో ఆవగింజ లోపల పసుపు. బ్రహ్మదండి గింజ లోపల తెలుపు.

ఈ భేదము తెలియకుండుట ప్రాణములమీదికి వచ్చును. బ్రహ్మదండి నూనెలో సాంగ్వినరీను మొదలగు విషములు కలవు. ఆ నూనె కలిసిన వంటనూనెను తిన్నవారికి కాళ్ళు వాచును, ఆయాసము పుట్టును, గుండె చెడును. కొందరికి కంటిలో నీటికాసులు వచ్చును. 1877లో కలకత్తాలో ఈ వ్యాధి ప్రబలెను. 1998లో ఢిల్లీలో కల్తీ ఆవనూనె వలన 60 మందికి పైగా మరణించిరి.

మన వంటలకు ఆవనూనె వాడుక లేకున్నను, ఆవకాయకు ఆవాలు తవ్వలతో కొలిచి దంచు ఇండ్లు మనవి. దంచుటకు ముందు ఆవాలను తెల్లని గుడ్డపై పలుచగా పరచి, వెలుతురున చూచి, గరుకు గింజలను ఏరివేయవలెను. సందేహము కలిగినచో నాలుగు గింజలు నలిపి చూడవలెను. వాపుతో ఆయాసము కనబడినచో ఆ నూనెను వెంటనే మాని వైద్యుని కడకు పోవలెను. మిగిలిన నూనెను పారబోయక పరీక్షకు ఇయ్యవలెను.

రైతులు చేయవలసిన పని యింకను సులభము. కాయ ముదురకముందే, చేతికి గుడ్డ చుట్టుకొని, గట్లమీది మొక్కలను వేరుతో పెరికివేసినచో మరుసటి యేటికి క్రొత్త విత్తు రాలదు. పాఠశాల బాలురకు ఈ నాలుగు హద్దులు నేర్పినచో ఊరి గట్లన్నియు వారే చూచి చెప్పగలరు.