కండ తరుగుట – నరముల సంగతి



ముసలితనమున దేహమంతయు సన్నగిల్లుట సహజము. చేయి మాత్రమే చిక్కి, తిమ్మిరి తోడైనచో దోషము నరమునం దుండవచ్చును. నరము ఆజ్ఞ అందనిచో కండరము నీరందని పైరువలె ఎండును. పలక పట్టించిన ఉపాధ్యాయుడను గనుక చెప్పుచున్నాను: బలపము జారుట, గుండీ పెట్టలేకపోవుట, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ గుంటపడుట తొలి గుర్తులు.

మా సరూర్‌నగరునకు ఆగ్నేయమున నున్న నల్లగొండ సీమలో బావినీటి ఫ్లోరైడు అనేకుల వెన్నెముకను బిగించి, వెన్నుపామును నొక్కినది. కాళ్లు కొయ్యబారినవి, కండలు కరగినవి. 1937లోనే నెల్లూరు మండలమున వైద్యు లీ వ్యాధిని వర్ణించిరి. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడు గల నీరు త్రాగదగదు. కాచినను అది పోదు. కుష్ఠు, మధుమేహములును నరములను చెరచును.

మర్దనము హాయి నిచ్చును గాని, నొక్కుడుపడిన నరమును విడిపింపదు. ఆలసించినచో పోయిన బలము మరల రాకపోవచ్చును. కావున గుర్తు కనబడిన నాడే వైద్యునొద్దకు పంపుడు. బావినీటిని పరీక్ష చేయింపుడు.