గురజాడవారి మలిదారి

గురజాడ అప్పారావుగారనగానే మనకు ముందుగా స్ఫురించునది కన్యాశుల్కము. 1892లో విజయనగరమున ప్రదర్శితమై, 1897లో అచ్చుపడి, 1909లో క్రొత్త నాటకమా యనునట్లు పెరిగినది. ఏబదికి చేరువైన వయస్సు, అంతంతమాత్రపు ఆరోగ్యము. నాటకకర్తగానే యుండిపోయినను ఆయనను అడుగువారు లేరు. కాని 1910లో ఆయన ముత్యాలసరములను, దిద్దుబాటు కథను ఆంధ్రభారతిలో వెలువరించిరి. కొండుభట్టీయము, బిల్హణీయము నాటకములు అసంపూర్ణములుగనే మిగిలినవి.

ఈ మార్పునకు కారణము కన్యాశుల్కముననే కలదని మేము తలంతుము. నాటకమున గిరీశము పలుకు గిరీశమునది, మధురవాణి పలుకు మధురవాణిది. కవి తెరవెనుకనే నిలువవలెను. వాడుకమాట బలము నచ్చట చవిచూచినవారు దానిని తమ సొంతగొంతుకతో పలుక సాహసించిరి. (ఈ ప్రసంగము గ్రాంథికమున సాగుట వినినచో ఆయన నవ్వుకొనియుందురు!) పద్యమున నిది సులభము కాదు. మూడు, నాలుగు మాత్రల మిశ్రగతిని నడకగా గైకొని, యతిప్రాసల బిగువు సడలించిరి.

దిద్దుబాటు మరియొక విధము. రాత్రి ఆలస్యముగా ఇల్లు చేరిన గోపాలరావునకు భార్య కమలిని కానరాదు. ఉత్తరము మాత్రము కానవచ్చును. సంఘమును దిద్దుటకు ఏడంకములు పట్టిన చేతికి ఇచ్చట కొలది పుటలే చాలినవి.

1915 నవంబరులో ఆయన కన్నుమూసిరి. కన్యక, పూర్ణమ్మ ఆ అయిదారేండ్ల పంటయే. మన శ్రోతలు పూర్ణమ్మను ఇంటిలోని పిల్లలచేత పైకి చదివించి వినినచో, ఛందస్సు వివరింప నక్కరలేకయే ఆ నడక చెవికి పట్టును.