డ్రైవులో బోర్డు మార్చే ముందు పొంతన చూడండి
(పాల సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠము)



యంత్రాల సంగతి మెకానిక్ చూసుకుంటాడు, మాకెందుకని మీలో కొందరు అనుకోవచ్చును. కాని మెకానిక్ తెచ్చిన బిల్లు మంజూరు చేసేది మీ పాలకవర్గమే. కూలరు ఆగి పాలు విరిగితే నష్టపోయేదీ మీరే. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల మే నెల ఎండ మీకు చెప్పనక్కర లేదు. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల నుండి క్యాను కేంద్రానికి చేరేసరికే చాలా సేపు గడుస్తుంది. ఆ పైన యంత్రం ఒక గంట మొరాయించినా పాలు దక్కవు.

1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైన రోజుల్లో చిల్లింగ్ కేంద్రాల మోటార్లకు మామూలు స్టార్టర్లే ఉండేవి. చెడితే ఊరి ఎలక్ట్రీషియన్ పాయింట్లు గీకి మళ్లీ నడిపించేవాడు. ఇప్పుడు పంపులకు, కంప్రెసర్లకు, సెపరేటర్లకు వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవులు వచ్చాయి. ఈ డ్రైవు 50 హెర్ట్జ్ కరెంటును ముందు డి.సి.గా మార్చి, మనకు కావలసిన హెర్ట్జులో మోటారుకు ఇస్తుంది. చల్లనీటి పంపును 40 హెర్ట్జ్ వద్ద నడిపితే వేగం ఐదింట నాలుగు వంతులు ఉంటుంది, కరెంటు ఖర్చు మాత్రం సుమారు సగానికి దిగుతుంది. కావున డ్రైవు పెట్టడం మంచిదే. చెడినప్పుడే చిక్కు.

డ్రైవు లోపల బరువు మోసేది పవర్ కార్డు, హుకుం ఇచ్చేది కంట్రోల్ కార్డు. అవసరాన్ని బట్టి ఆప్షన్ కార్డులూ ఉంటాయి. కరెంటు ఇవ్వగానే ఇవి ఒకదాన్నొకటి గుర్తుపట్టాలి. గుర్తుపట్టకపోతే డ్రైవు మోటారును తిప్పక, తెరపై 'హార్డ్‌వేర్ మిస్‌మ్యాచ్' అని చూపుతుంది. కాడికి ఒకవైపు ఎద్దును, ఒకవైపు దున్నను కట్టినట్లన్నమాట. డాన్‌ఫాస్ వారి ఎఫ్.సి. శ్రేణిలో ఇది 15వ నంబరు అలారం. పెట్టిన ఆప్షన్ కార్డు ఇప్పుడున్న కంట్రోల్ కార్డుతో పనిచేయదని దాని అర్థం. ఇతర కంపెనీల నంబర్లు వేరుగా ఉంటాయి.

మేము తనిఖీకి వెళ్లిన ఒక కేంద్రంలో పిడుగు దెబ్బకు కంట్రోల్ కార్డు పోయింది. పాత సామాను అంగడి నుండి అచ్చం అలాగే ఉన్న కార్డు చవకగా తెచ్చి బిగించారు. అలారం వచ్చింది. ఆపరేటరు రాత్రంతా రీసెట్ నొక్కుతూనే ఉన్నాడు. తెల్లారి మోటారు ఊడదీసి రీవైండింగుకు పంపారు, మోటారులో ఏ దోషమూ లేదు. పాలు విరిగాయి. ఆ నష్టం ఆపరేటరు జీతంలో పట్టాలని కమిటీ తీర్మానం రాస్తుంటే మేము అడ్డుచెప్పాము. కార్డు కొన్నది అతను కాదు గదా! దాని నంబరు చూడకుండా బిల్లు మంజూరు చేసింది కమిటీయే.

కావున అలారం రాగానే మొదట అడగవలసింది, చివరగా ఏది మార్చారని. బోర్డు మార్చిన వెంటనే వస్తే అనుమానం ఆ బోర్డు మీదనే. ఏదీ మార్చకుండా వస్తే కార్డుల మధ్య పట్టీ వైరు వదులైందేమో, కార్డు తన గాడిలో కుదురుగా ఉన్నదో లేదో చూడాలి. ఆప్షన్ కార్డు తీసివేస్తే అలారం పోయిందంటే దోషం అక్కడే. మెయిన్ ఆపగానే మూత తీయవద్దు. 415 వోల్టుల డ్రైవు లోపల డి.సి. 580 వోల్టులకు పైగా ఉంటుంది, కరెంటు తీసినా కెపాసిటర్లలో నిలిచే ఉంటుంది. ఎన్ని నిమిషాలు ఆగాలో మూత మీదనే రాసి ఉంటుంది. అంత సేపూ ఆగి, మీటరు పెట్టి చూసి, తెలిసినవాడే చేయి పెట్టాలి. రీసెట్‌తో పోయే జబ్బు ఇది కాదు.

డ్రైవు బాగున్న రోజునే రిజిస్టరులో ఒక పేజీ కేటాయించండి. డ్రైవు పలక మీది టైపు కోడు, కిలోవాట్లు, వోల్టులు, సీరియల్ నంబరు, మోటారు పలక మీది ఆంపియర్లు ఎక్కించండి. తెరపై కనిపించే కంట్రోల్ కార్డు, పవర్ కార్డుల సాఫ్ట్‌వేర్ నంబర్లు, ఆప్షన్ల పేర్లు కూడా రాయించండి. పైన చెప్పిన శ్రేణిలో ఇవి 15-40 మొదలు వరుసగా దొరుకుతాయి. బోర్డు కొనేటప్పుడు ఈ పేజీ నకలు ఆర్డరుతో జతచేయండి. నకలు లేని బిల్లును కమిటీ ముందు పెట్టవద్దని కార్యదర్శులకు మా మనవి.

నీటి పంపులకు బైపాస్ స్టార్టరు ఉంటే బోర్డు వచ్చేదాకా పని నడుస్తుంది. అయితే డ్రైవు, బైపాస్ రెండూ ఒకేసారి మోటారుకు కలవకుండా ఇంటర్‌లాక్ తప్పనిసరి. వచ్చే తనిఖీలో లెడ్జరుతో పాటు ఈ రిజిస్టరు పేజీ కూడా అడుగుతాము.