ఆమిష్ పల్లెలలో ఒక దినము



నేడు మన పల్లెలనుండి అమెరికా పోయివచ్చు పెద్దలు పెక్కుమంది కలరు. కుమారుని యింటనో, కుమార్తె యింటనో కొన్ని మాసములుండి, ఆకసము నంటు మేడలను, నయాగరా జలపాతమును చూచి వత్తురు. అట్టివారు ఫిలడెల్ఫియా నగర ప్రాంతమున నున్నచో, ఒక్క దినము వెచ్చించి చూడదగిన చోటు మఱియొకటి కలదు. అది పెన్సిల్వేనియా రాష్ట్రమందలి లాంకాస్టరు జిల్లా. ఫిలడెల్ఫియాకు పడమటగా నూఱు కిలోమీటర్లకు పైబడిన దూరము. రైలులో గంటకు పైగా పట్టును.

అచ్చటి పల్లెలలో ఆమిష్ అను క్రైస్తవ సమాజమువారు నివసింతురు. ఈ పేరు వినగానే సంస్కృతము చదివినవారికి ఆమిష శబ్దము స్ఫురింపవచ్చును గాని, దానికిని దీనికిని సంబంధము లేదు. స్విట్జర్లాండు, అల్సేసు ప్రాంతములలో 1693వ సంవత్సరమున వేఱుపడిన యొక శాఖకు యాకొబ్ అమ్మన్ అను బోధకుడు నాయకుడు. ఆయన పేరే వీరికి వచ్చినది. శిశువులకు గాక, వయస్సు వచ్చి యెఱిగి యంగీకరించిన వారికే బాప్తిస్మ మీయవలెనని వీరి పూర్వుల మతము. ఆ కారణముచేతనే యూరపులో వారిలో పలువురు నీట ముంపబడిరి, అగ్నికి ఆహుతియైరి. విలియం పెన్ స్థాపించిన పెన్సిల్వేనియాలో మతస్వాతంత్ర్యము కలదని విని, పదునెనిమిదవ శతాబ్దమున వీరు ఓడలెక్కి వచ్చిరి. ఇండ్లలో నేటికిని ఒకవిధమగు జర్మను భాషయే వీరి వాడుక.

యాత్రికుడు ఉదయమున లాంకాస్టరు పట్టణము చేరి, 1889లో కట్టిన అంగడి భవనమును చూచి, తూర్పుబాట పట్టినచో బర్డ్-ఇన్-హ్యాండ్ అను పల్లె వచ్చును. చేతిలోని పిట్ట యని దాని యర్థము. బాటలో మోటారుకార్ల ప్రక్కనే ఒంటిగుఱ్ఱపు బండ్లు సాగుచుండును. వాని గూళ్ళు బూడిదరంగువి. పురుషులకు వెడల్పు అంచుల టోపీ. వివాహమైనవారికి గడ్డముండును, మీసముండదు. స్త్రీలు తలకు ముసుగు ధరింతురు. పూలు, చారలు లేని ఒకే వన్నె వస్త్రము కట్టుదురు. ఏ యింటికి విద్యుత్తు తీగ పోలేదో అది ఆమిష్ వారి యిల్లని యెఱుగవచ్చును. వారి ముఖములకు ఛాయాచిత్రములు తీయరాదు. అది అహంకారమును పెంచునని వారి నమ్మిక. అతిథి దానిని మన్నించుట మర్యాద. ఆదివారము వారి దుకాణములు మూసియుండును గావున ఆ దినమున పోవుట వ్యర్థము.

వీరు యంత్రమును ద్వేషించువారని చూచినవారు తలంతురు. నిదానించి చూచిన నది నిజము కాదు. పొలములో గడ్డిమోపులు కట్టు యంత్రమున్నది, దానిపై నూనెతో నడచు ఇంజనును ఉన్నది. కాని దానిని లాగునవి కంచరగాడిదలు. టెలిఫోను ఇంటిలో లేదు. పొలముగట్టున చిన్న గుడిసెలో ఉన్నది, దానిని రెండు మూడు కుటుంబములవారు వాడుకొందురు. అవసరమునకు మాటాడవచ్చును, కాని భోజనమునకు కూర్చున్నప్పుడు అది మ్రోగరాదు, పొరుగువారిని చూడబోవుటకు బదులు కారాదు. ట్రాక్టరు దున్నుటకు దిగినచో ఒక్కడే పదిమంది భూమి దున్నును. తక్కిన తొమ్మండుగురు ఊరు విడువవలసివచ్చును. ఇట్లు యోచించి వారు హద్దు లేర్పఱచుకొనిరి.

ఈ హద్దులను నిర్ణయించువాడు రాజు కాడు. ఇరువది, ముప్పది కుటుంబములు కలిసి ఒక సంఘము. వారికి దేవాలయ భవనము లేదు. ఒక ఆదివారము విడిచి మఱియొక ఆదివారము ఒకరి యింట ప్రార్థన జరుగును. బోధకుని చీటివేసి యెన్నుకొందురు. అతనికి జీతము లేదు. ఏటికి రెండుమాఱులు సంఘమంతయు కూడి తమ నియమములను విచారించును. ఏకాభిప్రాయము కుదురనిచో, పవిత్రభోజనమును కూడ వాయిదా వేయుదురు. ఒకని ధాన్యపుకొట్టము తగులబడినచో, వందలకొలది జనులు కూడివచ్చి స్వల్పకాలములోనే కొత్తది నిలుపుదురు.

దీనికి మూల్యము కూడ కలదు. దానిని దాచుట న్యాయము కాదు. వీరి బిడ్డలకు చదువు ఎనిమిదవ తరగతితో సరి. 1972లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము ఈ యాచారమును సమ్మతించినది. అయితే డగ్లస్ అను న్యాయమూర్తి, తల్లిదండ్రుల కోరికతోపాటు బిడ్డల కోరికను గూడ విచారింపవలదా యని ప్రశ్నించెను. జీవితమంతయు బడిలో గడపిన నాకు ఆ ప్రశ్న సమంజసముగనే తోచుచున్నది. మఱియు బాప్తిస్మము పొందిన పిమ్మట సంఘమును విడిచినవానిని వెలివేయుదురు. కన్న తల్లిదండ్రులే యతనితో ఒక బల్లపై భుజింపకుండుటయు కలదు.

అయినను ఒక్క సంగతి మఱువరానిది. 2006 అక్టోబరు 2వ తేదీన ఆ ప్రాంతపు నికెల్ మైన్స్ గ్రామమున ఒకడు తుపాకితో బడిలో జొరబడి పదిమంది బాలికలను కాల్చెను. ఐదుగురు మరణించిరి. వాడును తన్ను తానే చంపుకొనెను. ఆ దుఃఖములోనే ఆమిష్ పెద్దలు వాని భార్య యింటికి పోయి యోదార్చిరి. వాని యంత్యక్రియలకు సైతము హాజరైరి. క్షమ యనునది వారికి ఉపన్యాస విషయము కాదు, నిత్యాభ్యాసము.

మనము దీపపుబుడ్డికి మరలవలెనని నేను చెప్పను. ఆడపిల్లల చదువును ఎనిమిదవ తరగతిలో ఆపుమని యంతకన్నను చెప్పను. కాని మన పొలములోనికి ట్రాక్టరు వచ్చినప్పుడు, మన మనుమల చేతిలోనికి ఫోను వచ్చినప్పుడు, ఇది మన యింటిని, ఊరిని ఏమి చేయునని రచ్చబండపై ఒక్కసారియైన కూర్చుండి తర్కించితిమా? వస్తువులు వచ్చినవి, మనము సర్దుకొంటిమి. ఆమిష్ వారి సమాధానములు మనకు సరిపడకపోవచ్చును. వారి ప్రశ్న మాత్రము మనదియు కావలెను. అది యడుగుటకు ఊరి పెద్దలకన్న తగినవా రెవ్వరు?

సెలవు.